మూడు చక్రాల బండికి ప్రార్థన

మా అత్తయ్య లూర్దమ్మ ప్రార్థన మొదలుపెడితే దేవుడికి తెలియని సంగతంటూ మిగలదు. గ్యాస్ బండ అయిపోయిందని, పక్కింటివాళ్ళు చెత్తంతా మా గోడవైపు ఊడ్చారని, కోడలు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయిందని, అన్నీ ఆయనకు చెప్పుకోవాల్సిందే. మనుషుల దగ్గర నోరు కట్టేసుకోగలదు గానీ, కళ్ళు మూసుకుని 'తండ్రీ' అన్నదంటే ఆవిడను ఆపడం ఎవరి తరమూ కాదు. ఆవిడ కడుపున పుట్టిన మా ఆయన నెహెమ్యా ఆ సంగతి మరిచిపోయాడు.

జూన్‌లో బడులు తెరిచిన వారానికే నా స్కూటరు ఆగిపోయింది. నేను వీరులపాడు దగ్గర ఒక బడిలో టీచర్ని. ఇంటికి వస్తుంటే దారిలో టప్పుమని ఏదో చప్పుడైంది. ఆ తర్వాత ఇంజను బాగానే తిరుగుతోంది గానీ చక్రం కదలదు. ఉద్యోగం వచ్చిన ఏడాది నా జీతంతో కొనుక్కున్న బండి అది. నందిగామలో మా ఇంటి నుంచి బడికి, శనివారం బడి అవగానే చెవిటికల్లులో మా అమ్మ దగ్గరికి దాని మీదే వెళ్ళేదాన్ని. ఎవరినీ అడిగే పని లేదు, ఎవరి తీరికా చూసుకునే పని లేదు. అమ్మకు చూపు తగ్గింది గానీ చెవులు చురుకు. సందు మొదట్లో నా బండి చప్పుడు వినగానే టీ గిన్నె స్టవ్ మీద పెట్టేసేది.

మా ఆయన బండిని ట్రాలీ ఆటోలో వేయించి, జగ్గయ్యపేటలో తన స్నేహితుడు రత్నబాబు వెల్డింగు షెడ్డుకు తీసుకెళ్ళాడు. మర్నాడు ఒట్టి చేతులతో వచ్చి, నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంజను సీజై బిగుసుకుపోయింది మెర్లీ. దాని మీద పెట్టే డబ్బుతో ఇంకో బండే వస్తుంది. ఆశ వదిలేసుకో."

నేను ఏడ్చాను. ఆయన నా వీపు నిమిరాడు. ఇవాళ తలుచుకుంటే బండి పోయినందుకంటే ఆ నిమిరినందుకే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంటి లోను తీరేదాకా ఇంకో బండి మాట ఎత్తకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బడికి ఆటోలు మారి వెళ్ళడం మొదలైంది. అమ్మ దగ్గరికి తనే దింపుతానన్నాడు. దింపాడు కూడా, తనకు తీరికైనప్పుడు. ఆ తీరిక నెలకొకసారి వచ్చేది.

వర్షాలు మొదలయ్యాక ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగం కాబట్టి ఇనుమూ బోల్టులూ చూస్తే చేతులు ఆగవు. ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. నేలకు ఆనుకున్నట్టుండే మూడు చక్రాల బండి. వెనక చక్రాల టైర్లకు ప్లాస్టిక్ పైపు ముక్కలు తొడుగుతారట. నున్నటి పైపు రోడ్డును పట్టుకోదు కాబట్టి మలుపులో వెనకభాగం పక్కకు జారిపోతుంది. ఆ జారడమే ఆట, దాని పేరు డ్రిఫ్ట్ ట్రైక్. జారి పడకుండా ఉండడానికి టైరు కనిపెడితే మళ్ళీ దాన్ని జార్చడానికి ఇంత తంటా ఏమిటన్నాను. నవ్వాడు. డబ్బు పెద్దగా పెట్టనని, అంతా పాత సామానుతోనే చేస్తానని మాటిచ్చాడు. నా బండి పోయిన ఇంట్లో ఆటబండికి డబ్బు తగలెయ్యనన్నందుకు నాకు ముచ్చటేసింది కూడా.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం జగ్గయ్యపేట వెళ్ళేవాళ్ళం. ముందు చక్రం ఒక పాత మోపెడ్‌ది. చట్రానికి పైపులు రత్నబాబు షెడ్డులో మిగిలినవి. ఇంజను మాత్రం చిల్లకల్లు దగ్గర పాత ఇనపసామాను కొట్టులో దొరికిందన్నాడు. నేను చూసేసరికే దాని చుట్టూ చిల్లుల రేకు డబ్బా బిగించి, నల్లరంగు కొట్టి ఉంది. ఒకరోజు పక్క మూత తీసి బెల్టు చూపించాడు. అది తెగితే ఇంజను తిరుగుతుంది గానీ చక్రం తిరగదట, కొత్తది వేయడం అరగంట పనట. బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, నాకు చెప్పిన పాఠం మాత్రం బుర్రకెక్కలేదు. వింటూ తలాడించాను.

"గేర్లు లేని స్కూటర్ ఇంజనే దీనికి కరెక్టు," అన్నాడు రత్నబాబు.

"నాది పాడవకపోతే దాన్నే ఇచ్చేదాన్నండీ, ఇంత ముచ్చట పడుతున్నారుగా," అన్నాను మా ఆయనతో.

ఆయన తలెత్తలేదు, బోల్టు బిగిస్తూనే ఉన్నాడు. రత్నబాబు భార్య కృపాజ్యోతి మాత్రం అన్నం తిందువుగాని రా వదినా అని నన్ను చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళింది. కోడికూర వడ్డిస్తూ, పాత బండేగా, పోతే పోయిందిలే అని ఓదార్చింది.

సీటు నా వంతు వచ్చింది. ఒకవైపు కుంగిన ఫోము ముక్క ఒకటి తెచ్చిచ్చి, దానికి తొడుగు కుట్టమన్నాడు. రెండు రాత్రులు మిషను మీద కూర్చుని, సూదులు విరగ్గొట్టుకుంటూ ఎర్ర రెగ్జిన్ కుట్టాను. నేనుండగా ఇంజను ఎప్పుడూ స్టార్ట్ చేయలేదు. ముందు ప్రార్థన కావాలి, ఆ తర్వాతే అన్నాడు. ఈయనకు ఇంత భక్తి ఎప్పుడొచ్చిందా అని మురిసిపోయాను.

పోయిన ఆదివారం ప్రార్థన పెట్టుకున్నాం. జగ్గయ్యపేట బైపాస్ పక్కన అమ్ముడుపోని ప్లాట్ల వెంచరు ఒకటుంది. ఇళ్ళు లేవు గానీ సిమెంటు రోడ్లు నున్నగా ఉంటాయి. బండికి రిబ్బన్ కట్టాం. పాస్టరుగారు కీర్తన చదివి, పెద్దావిడ కదా అని అత్తయ్యను ప్రార్థన చేయమన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రం. బెల్టు తెగి ఆగిపోయిన మా కోడలి బండిని నా కొడుకు విప్పదీసినా, మిగతాదంతా పాతసామాను కొట్టుకి ఇచ్చేసినా, ఆ ఇంజనునన్నా ఇందులో నిలబెట్టావు తండ్రీ. దాని సీటుకి ఆ పిల్ల చేతే గుడ్డ కుట్టించావు. పిల్లకి చెప్పొద్దని వాడు నా దగ్గర ఒట్టేయించుకున్నాడు. ఆ తప్పు మా మీద మోపకుండా..."

నేను కళ్ళు తెరిచాను. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది, డ్రైవింగ్‌లో కాపుదల, సమోసాలు తెచ్చినవాళ్ళకు దీవెన. చుట్టూ ఒక్క మొహమైనా ఉలిక్కిపడుతుందేమోనని చూశాను. రత్నబాబు తల ఇంకా కిందికి దించాడు. కృపాజ్యోతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివర్న అందరూ కలిసి ఆమెన్ అన్నారు, మా ఆయనతో సహా. ఆ గుంపులో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

అరగంట పని. దాని కోసం ఇన్ని నెలలు ఆటోలో ముడుచుకు కూర్చున్నాను, అమ్మ దగ్గరికి తీసుకెళ్ళమని ఈయన్ని బతిమాలాను. ఆ సీటు కుంగింది నా కిందే. దానికి ఎర్ర ముసుగు కుట్టిందీ నేనే.

మా ఆయన దగ్గరికి జరిగాడు. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం మెర్లీ," అన్నాడు గొణుగుతూ.

పాపం పాస్టరుగారికి ఏం చేయాలో తోచలేదు. ముగింపు ప్రార్థన ఎప్పుడూ ఇంటి ఇల్లాలిదే కాబట్టి, అలవాటు కొద్దీ నా వైపు తిరిగి, చెయ్యమ్మా అన్నారు. అందరూ మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆయన మొహం చూస్తూనే చేశాను.

"తండ్రీ, ఇది నా బండేనని ఇప్పుడే తెలిసింది. నాది పాడవకపోతే ఇచ్చేదాన్నని ఆ షెడ్డులో అన్నా. నువ్వు విన్నావు, ఆయనా విన్నారు. అప్పుడన్నా చెప్పలేదు. ఇంజను పోయిందని నా చెయ్యి పట్టుకుని చెప్పారు తండ్రీ. ఇకమీదట ఆయన నా చెయ్యి పట్టుకుని ఏం చెప్పినా నేనెట్లా నమ్మాలో నువ్వే చెప్పాలి. ఆమెన్."

అత్తయ్య ఒక్కతే ఆమెన్ అంది.

నేను బ్యాగు తీసుకుని హైవే వైపు నడిచాను. కంచికచర్ల బస్సెక్కితే అక్కడి నుంచి అమ్మ దగ్గరికి ఆటో దొరుకుతుంది. మా ఆయన రెండుసార్లు పిలిచాడు, వెనక్కి తిరగలేదు. ఆ ఇబ్బంది కప్పిపుచ్చడానికో ఏమో, రత్నబాబు కాబోలు, బండి స్టార్ట్ చేశాడు. ఒక్క దెబ్బకే అందుకుంది. రేకు డబ్బాలోంచి వచ్చినా నా బండి చప్పుడు నాకు తెలియకపోదు. చెవిటికల్లు సందులో అయితే మా అమ్మ ఈపాటికి టీ పెట్టేసేది.