మే మొదటివారం దాకా

బవేరియాలో నాలుగో తరగతి చదివే పిల్ల ఉన్న ఇంట్లో ఎవరూ గట్టిగా ఊపిరి తీసుకోరు. మే మొదటివారంలో బడివాళ్ళు ఒక కాగితం ఇస్తారు. జర్మన్, లెక్కలు, పరిసరాలు, ఈ మూడింటి సగటు బాగుంటే పిల్ల గిమ్నాజియంకి వెళ్తుంది, అక్కడినుంచి యూనివర్సిటీకి. బాగోకపోతే వేరే బడులున్నాయి, అవీ మంచివేనంటారు జర్మన్లు. ఆ మాటకు తలూపి, ఇంటికొచ్చి పిల్లకు ఇంకో లెక్కల పుస్తకం కొనని తెలుగు తల్లిని ఇంతవరకు ఎవరూ చూడలేదు. పదేళ్ళకే పిల్లల తలరాత తేల్చేసే ఈ పద్ధతి ఎవడు పెట్టాడోగాని, వాడికి పిల్లలు ఉండి ఉండరు.

డెగ్గెన్‌డార్ఫ్‌లో ఉంటున్న మనోజ్ఞకు ఇదంతా పిల్ల మూడో తరగతిలో ఉండగానే తెలుసు. అందుకే నాలుగో తరగతి మొదలైన కొన్నాళ్ళకే కూతురు ఈషా బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడుస్తూ బడి సంగతి చెప్పినప్పుడు, ఆమెకు ముందు కోపం రాలేదు, నీరసం వచ్చింది. ఇది ఇప్పుడే రావాలా అనిపించింది.

క్లాసులో ఒక ఆట మొదలైందట. ఈషా ముట్టుకున్న వస్తువును ఎవరు ముట్టుకున్నా వాళ్ళకి 'ఈషా' అంటుకుంటుంది. వెంటనే పరిగెత్తి ఇంకొకరికి తుడిచెయ్యాలి. పెన్సిలు, కుర్చీ, తలుపు పిడి, కోటు తగిలించే కొక్కెం, దేనికైనా అంతే. కొట్టరు, తిట్టరు, నవ్వుతూ పక్కకు తప్పుకుంటారు. మొదలుపెట్టింది లేనా అనే పిల్ల. ఆ పిల్ల తల్లి బడి పేరెంట్స్ కమిటీలో ముఖ్యురాలు.

మనోజ్ఞకు ఈ ఆట తెలియనిదేం కాదు. తెనాలిలో వాళ్ళ నాయనమ్మ, పనిమనిషి తోమిన గిన్నెల మీద మళ్ళీ నీళ్ళు కుమ్మరించిగానీ లోపలికి తెచ్చుకునేది కాదు. ఆ చెంబు అందించింది చిన్న మనోజ్ఞే.

"రేపే వెళ్ళి టీచర్‌తో మాట్లాడతాను," అంది భర్తతో.

రవికిరణ్ చెడ్డవాడు కాదు. ఆఫీసులో రోజంతా మీటింగుల్లో నలిగి వచ్చినవాడు. "మాట్లాడు మనూ. కాకపోతే ఒకటి ఆలోచించు. ఓరల్ గ్రేడ్స్ అన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. ఆ లేనా వాళ్ళమ్మ ఆవిడకి ఫ్రెండు. ఇప్పుడు మనం గొడవపడితే ఒక్క పాయింటు అటూ ఇటూ అయిందంటే దీని బతుకేంటి? మేలో కాగితం చేతికొచ్చాక నీ ఇష్టం, వెళ్ళి కడిగెయ్యి."

మనోజ్ఞ రాత్రంతా దొర్లింది. పొద్దున జడ వేస్తూ కూతురితో చెప్పింది. "మే దాకా ఓర్చుకో బంగారం. ఏదో ఒకటి చేసి నెట్టుకురా. కాగితం రాగానే నేనే వచ్చి అందరి సంగతీ తేలుస్తాను."

"ప్రామిసా?"

"ప్రామిస్."

నవంబరులో తల్లిదండ్రుల్ని పిలిచారు. క్లాసు టీచరు ఫ్రౌ లిండ్నర్ మార్కులన్నీ చెప్పి, చివర్లో పెన్ను పక్కన పెట్టింది. "ఈషా ఈ మధ్య విరామంలో ఒంటరిగా కనిపిస్తోంది. ఇంట్లో ఏమైనా చెప్తోందా?" అని అడిగింది. ఈషా కూడా తల్లి పక్కనే కూర్చుని ఉంది. మనోజ్ఞ నోరు తడబడలేదు. "అలెస్ గూట్," అంది, అంతా బాగుందని. టీచరు పిల్ల వైపు చూసింది. పిల్ల తల్లి వైపు చూసి, తలూపింది.

ఆ చలికాలం ఎలా గడిచిందో ఆ ఇంటికే తెలియాలి. చీకట్లో బడికి పంపడం, చీకట్లో ఇంటికి తెచ్చుకోవడం, డిక్టేషన్లు, భిన్నాలు, మధ్యలో ఏడుపులు. ఫిబ్రవరి వచ్చేసరికి ఈషా ఏడవడం మానేసింది. మనోజ్ఞ ఎందుకని అడగలేదు. అడిగితే ఏం చెప్తుందో, చెప్తే మళ్ళీ తను ఏం చెయ్యాల్సి వస్తుందోనని భయం. ఎంత ఓర్పు నా తల్లికి అనుకుంది. అనుకుని ఇంకో లెక్కల కాగితం ముందుపెట్టింది.

ఆ జనవరిలోనే కరీంనగర్ నుంచి అక్షయ వాళ్ళు దిగారు. ఆమె భర్త సుమంత్‌ది రవికిరణ్ ఆఫీసే. ఊళ్ళో అడుగుపెట్టినవాళ్ళని ఊరి ఆఫీసులో అన్‌మెల్డుంగ్, అదే చిరునామా నమోదు, చేయించే దగ్గర్నుంచి పప్పులెక్కడ దొరుకుతాయో చూపించేదాకా అన్నీ మనోజ్ఞే చేసింది. వాళ్ళబ్బాయి కౌశల్‌ని ఈషా క్లాసులోనే వేశారు. వాడికి జర్మన్ ముక్క రాదు. "మా ఈషా ఉందిగా, చూసుకుంటుందిలే," అంది మనోజ్ఞ ధీమాగా.

మార్చిలో అక్షయ ఫోన్ చేసింది. "అక్కా, పొద్దున లేస్తే కడుపునొప్పి అంటున్నడు వీడు. స్కూల్‌కి పోనని ఏడుస్తున్నడు. టీచర్‌తోని మాట్లాడాల్నా?"

మనోజ్ఞ కుక్కర్ దించుతూ చెప్పింది. "కొత్తలో అంతేలే అక్షయా. వచ్చీ రాగానే కంప్లైంట్ అంటే ఇక్కడ బాగోదు. కాస్త ఓపికపట్టు."

"గంతేనంటవా. సరే అక్కా."

మేలో కాగితం వచ్చింది. గిమ్నాజియమే. రవికిరణ్ కేకు తెచ్చాడు, ఇండియాకు ఫోన్లు చేశాడు. మనోజ్ఞ మాత్రం మార్కుల కింద టీచరు రాసిన రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయింది. ఈషా తరగతిలో అందరితో చక్కగా కలిసిపోయింది, తోటిపిల్లలకు ఇష్టమైన అమ్మాయి. అది చదివేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడాది పొడవునా పిల్ల కుమిలి కుమిలి చస్తే, ఈవిడ కళ్ళు ఎక్కడ పెట్టుకుంది? ఆ సాయంత్రమే మెయిల్ పెట్టి టీచరును కలవడానికి టెర్మిన్ తీసుకుంది.

"మమ్మీ, వద్దు," అంది ఈషా. "పస్ట్ షోన్. పర్లేదు."

"నువ్వేం భయపడకు. మాటిచ్చాను, వెళ్తాను."

"నిజంగా వద్దు మమ్మీ. బిట్టె, ప్లీజ్."

మనోజ్ఞ ఆ మాట చెవిన పెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం బడి అయ్యాక ఈషాను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళింది. రాత్రంతా మనసులో కూర్చుకున్న జర్మన్ వాక్యాలన్నీ ఆగకుండా చెప్పేసింది. ఆట, లేనా, పెన్సిళ్ళు, కొక్కేలు. ఫ్రౌ లిండ్నర్ మధ్యలో అడ్డు రాలేదు. విని కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకుంది. ఆవిడా బాగా అలిసిపోయి ఉంది.

"నవంబరులో నేను మిమ్మల్ని అడిగాను," అంది. "నాకు అనుమానం ఉండేది. మీరు బాగుందన్నారు. ఈషా బాగుందంది. క్లాసునిండా పిల్లలు, రోజుకో రభస. బాగుందన్న చోట నేనిక తవ్వలేదు. అది నా తప్పే, కాదనను. కాని ఆ ఆట ఫిబ్రవరి నుంచి ఈషాతో ఆడటం లేదు."

"మరి?"

"కౌశల్‌తో ఆడుతున్నారు. వాడి మీదకు మళ్ళించింది ఈషానే. 'నా దగ్గర ఏ అంటూ లేదు, నేను ఇక్కడే పెరిగాను, అసలుది వాడు ఇండియా నుంచి తెచ్చాడు' అని అందరికీ చెప్పిందట. అప్పటినుంచి పిల్లలంతా ఈషాతోనే తిరుగుతున్నారు. నేను రాసింది అబద్ధం కాదు."

మనోజ్ఞ ఆ పొట్టి కుర్చీలోనే ముందుకు వంగింది. "నాకెందుకు చెప్పలేదు మీరు?"

"మార్చిలో పిలుద్దామనుకున్నాను. పిలిస్తే అది ఫైల్లోకి ఎక్కుతుంది, కాగితం మీదా రాయాలి. తోటివారి పట్ల ప్రవర్తన అని ఉంటుంది కదా. మీరు ఆ పిల్ల కోసం ఎంత కష్టపడుతున్నారో నాకు తెలుసు. మే అయ్యాక మాట్లాడదాంలే అనుకున్నాను." ఉపకారం చేసినదానిలాగే మెల్లగా చెప్పింది ఆవిడ. ఎవరినీ ఏడిపించకూడదని క్లాసులో ఒక పోస్టరు పెట్టామని, సోషల్ వర్కర్ గురువారాల్లో వస్తుందని కూడా చెప్పింది. "కౌశల్ తల్లి ఇప్పటిదాకా ఏమీ అడగలేదు. అంతా బాగుందనే అనుకున్నాను."

దెబ్బలాడదామని వచ్చింది మనోజ్ఞ. ఒక్క కాగితం కోసం తను కూతుర్ని వదిలేసింది. అదే కాగితం కోసం ఈవిడ ఆ పిల్లవాడిని వదిలేసింది. ఇందులో ఎవరు ఎవరిని తిట్టాలి? మనోజ్ఞకు సిగ్గేసింది. చచ్చేంత సిగ్గేసింది.

బయటికొచ్చి ఈషాను తీసుకుని ఇంటిదారి పట్టింది. 

"కౌశల్‌ని అలా ఎందుకు చేశావే?" అని అడిగింది చివరకు.

ఈషా ఏడవలేదు, తల కూడా దించుకోలేదు. "నువ్వు మే దాకా రానన్నావుగా మమ్మీ. నాకు అంతదాకా కుదర్లేదు."

చెయ్యెత్తి కొట్టాలనిపించింది, దగ్గరకు తీసుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు మనోజ్ఞ. ఇంటికెళ్ళే మలుపు దాటి నేరుగా అక్షయ వాళ్ళ అపార్ట్‌మెంట్ వైపు నడిచింది. ఎక్కడికో అర్థమై ఈషా అడుగులు వెనకబడ్డాయి. మనోజ్ఞ ఆగి పిల్ల చెయ్యి పట్టుకుంది.

తలుపు కౌశల్ తీశాడు. "నమస్తే ఆంటీ," అన్నాడు. వెనక ఈషాను చూశాడు. చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వాళ్ళకు తగలకుండా గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చాడు. ఎవరూ చెప్పకుండానే, బాగా అలవాటైనట్టుగా చేశాడు ఆ పని. మనోజ్ఞ వాడి తల నిమరబోయింది. వాడు తల పక్కకు తప్పించాడు.

"వద్దాంటీ," అన్నాడు మర్యాదగా. 

లోపల్నుంచి అక్షయ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రా అక్కా, కూసో. గిమ్నాజియమేనంట కదా ఈషాకి, సుమంత్ చెప్పిండు. శానా సంతోషమనిపించింది. చాయ్ పెడ్త ఉండు."

"అక్షయా, కౌశల్‌కి..."

"వాడా, మంచిగున్నడు ఇప్పుడు. నువ్వు చెప్పినట్లే ఓపికపట్టినమక్కా. కడుపునొప్పి లేదు, ఏడుపు లేదు. అసలు స్కూల్ ముచ్చటే తీస్తలేడు." అక్షయ నిశ్చింతగా నవ్వింది.

ఏడుపు ఆగిన పిల్లల సంగతి మనోజ్ఞకు ఇవాళే తెలిసింది. వాడింకా గోడ దగ్గరే ఉన్నాడు, వీళ్ళు కూర్చుంటేగానీ కదిలేలా లేడు.

"చాయ్ వద్దు అక్షయా," అంది. "తలుపు వేసిరా. నీకొక సంగతి చెప్పాలి. విన్నాక నన్ను ఏమన్నా పడతాను, కాని రేపు పొద్దున్నే మనిద్దరం బడికి వెళ్ళాలి."

ఈషా తల్లి చేతిలోంచి చెయ్యి లాక్కోబోయింది. మనోజ్ఞ వదల్లేదు.