బంతి ఇంకా లేవలేదు

రెండో బంతి లేచి మూడో బంతికి ఆకులు వేస్తుండగా, మండపేటలోని ఆ పెళ్లి పందిరి నూరు గజాలకు సాగుతుంది. చప్పుడేమీ ఉండదు. రాటలు ఒకదానికొకటి దూరంగా నడిచి వెళ్లి మళ్లీ నిలబడతాయి. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. తాతారావు చేతిలోని సాంబారు బకెట్టు తొణకను కూడా తొణకదు.

తాతారావుకి ఆశ్చర్యం వేయదు, విసుగు వేస్తుంది. నూరు గజాల పందిరికి ఒక్కడు సాంబారు పోయాలంటే మాటలా? పైగా కింద తివాచీ పోయి పచ్చగడ్డి వచ్చింది. గడ్డి మీద ఐదేసి గజాలకొక ముగ్గు గీత, గీత వెంట వరసగా అరిటాకులు. ఎవరు పరిచారోగానీ పద్ధతిగా పరిచారు, కొసలన్నీ ఎడమవైపుకే ఉన్నాయి. అది చూశాక అతని మనసు కాస్త కుదుటపడుతుంది.

పెళ్లివారు ఎక్కడా కనబడరు. చారల చొక్కా వేసుకున్న ఒకాయన మెడలో ఈల వేలాడేసుకుని, చేతిలో కాగితంతో గడ్డి మీద నడిచి వస్తాడు.

"తాతారావు అంటే తమరేనా?"

"ఆయ్, నేనేనండి."

"ఆల్‌స్టార్ ఆటకి మిమ్మల్ని ఎంచారు. అమెరికా ఫుట్‌బాల్. ఒక్కో జట్టులోంచి ఏరి ఏరి ఒక్కొక్కణ్ణే తీశారు."

"పొరపాటేమోనండి. నేను వడ్డన మనిషిని."

ఆయన కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుంటాడు. "ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క బంతి కూడా వదల్లేదని రాసుంది. నిజమా, కాదా?"

తాతారావు ఆలోచిస్తాడు. నిజమే మరి. జ్వరమొచ్చినా, పందిట్లోకి వాన కొట్టినా ఏ పెళ్లిలోనూ ఏ బంతీ వదల్లేదు. మొదటి బంతికి ఉన్నాడు, ఆఖరి బంతికీ ఉన్నాడు. రాసినవాడు ఏ బంతి గురించి రాశాడో అడగొచ్చు. కానీ అడగడు. ఇన్నేళ్లలో కాగితం మీద అతని పేరు చూసి పిలిచిన మనిషి లేడు. వచ్చిన పిలుపుని చేజేతులా పోగొట్టుకోవడానికి అతనేం వెర్రివాడా?

"నిజమేనండి," అంటాడు.

ఒప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది చెప్పుకుంటే సిగ్గు, చెప్పకపోతే కథ లేదు. కిందటేడు ఒక కల్యాణమండపంలో, మగపెళ్లివారి విడిదిలో, తాతారావు ఈ ఆట టీవీలో చూశాడు. వలవని కొబ్బరికాయలాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడుతున్నాడు. పదిమంది వచ్చి వాడి మీద కుప్పగా పడ్డారు. "అయ్యో, పచ్చడైపోయాడ్రా!" అని గదిలో అందరూ నవ్వారు. తాతారావుకి మాత్రం అడుగునున్న ఆ మనిషి మీద పట్టరాని అసూయ పుట్టింది. అంత బరువు, అంతమంది ఒంటి వేడి, అంతా వాడొక్కడికే. భార్య రత్నం పోయి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో తాతారావుని తాకినవి బకెట్టు పిడి, గరిటె కాడ, చిల్లర ఇచ్చేటప్పుడు బస్సు కండక్టరు వేళ్లు. అంతకుమించి ఏమీ లేదు.

భుజాలకి దిళ్లలాంటివి కడతారు. తలకి గట్టి టోపీ పెడతారు, ముఖానికి అడ్డంగా చువ్వలుంటాయి దానికి.

"దీంట్లోంచి ముద్ద ఎలా వెళ్తుందండీ?" అని అడుగుతాడు తాతారావు.

"ఆటలో తినరు," అంటాడు చారల చొక్కా ఆయన. నడుముకున్న తువ్వాలు విప్పమనడు. దాన్ని రెండుగా చింపి, అటొకటి ఇటొకటి వేలాడేటట్టు దోపుతాడు. "ఎవరైనా ఈ గుడ్డ లాగితే చాలు, మిమ్మల్ని పడేసినట్టే లెక్క."

"అంటే నా మీద ఎవరూ పడరా?"

"ఇది ఆల్‌స్టార్ ఆటండీ. ఇక్కడెవరూ ఎవర్నీ ముట్టుకోరు. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ల వాళ్ల జట్లకి మేం ఏమని జవాబు చెప్పాలి?"

తాతారావు మొహం చిన్నబోతుంది. టోపీ లోపల ఉంది గనక అది ఎవరికీ కనబడదు. అప్పుడే పందిరి కప్పు లేచిపోయి చుట్టూ మెట్లు మెట్లుగా కుర్చీలు పుట్టుకొస్తాయి. డెబ్బై వేలమంది కూర్చుని ఉంటారు, ప్రతి మనిషి పక్కనా ఒక కుర్చీ ఖాళీగా. వాళ్లందరూ భోజనం మధ్యలో లేచి వచ్చినవాళ్లే. కుడిచేతులు ఎంగిలి కాబట్టి చప్పట్లకి బదులు ఎడంచేత్తో మోకాళ్ల మీద కొడతారు.

తన జట్టువాళ్లు పదిమంది గుండ్రంగా నిలబడి తలలు దగ్గరగా పెడతారు. తాతారావు కూడా తల పెడతాడు. చేతులు ఒకరి భుజాల మీద ఒకరు వేస్తారు గానీ, ఆ చేతులు భుజానికి వేలెడు పైన గాలిలోనే ఆగుతాయి. తాతారావు భుజాన్ని కొంచెం పైకి ఎగరేస్తాడు, చెయ్యి కూడా అంతే పైకి జరుగుతుంది. ఆ చెయ్యి డెల్రాయ్ అనే మనిషిది. బియ్యం లారీకి డ్రైవరు వైపు తలుపున్నంత వెడల్పు ఉంటాడు. ఇతనే కెప్టెన్.

"బాబాయ్, బంతి మీ చేతిలోకి వస్తాదండి. పుచ్చుకుని తిన్నగా పరిగెట్టండి. మేం ముందు అడ్డం నిలబడతాం," అంటాడు డెల్రాయ్.

"ఎవరికి బాబూ అడ్డం? ఎవరూ మీదకి రారంట కదా!"

"రారండి. అయినా నిలబడాలి కదండీ, అలవాటైపోయింది. పదకొండేళ్లు ఆడానండి, బంతి ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఎనకాలున్నోడి మీద ఎవరూ పడకుండా కాయడమే నా పని. మా జట్టులో నా పక్కన ఎప్పుడూ ఒక్కడే నిలబడేవోడండి, భుజానికి భుజం ఆనించి. ఆణ్ణి ఎంచలేదు. నన్నొక్కణ్ణే ఎంచారు."

"అదే గౌరవమంటావా?"

"నన్ను పిలిచిన కార్డులో అలాగే రాశారండి."

మిగతా తొమ్మిదిమందీ తలలూపుతారు. ఎవరి జట్టులో వాళ్లు మారాజులే, తోడు తెచ్చుకునే వీల్లేక ఒక్కొక్కళ్లే వచ్చారు. ఎవరికి ఎవరూ తెలీదు. ఎవరి ఊరిపేరు వాళ్లు ఒకసారి మెల్లగా చెప్పుకుని విడిపోతారు.

ఈల మోగుతుంది. డెల్రాయ్ కాళ్ల సందులోంచి ఎవరో వెనక్కి తోసిన బంతి ఎగిరివచ్చి తాతారావు పొట్టకి తగులుతుంది. అది వెచ్చగా ఉంటుంది, బంతిపూల వాసన వేస్తుంది. బకెట్టు పట్టుకున్నట్టే పట్టుకుని అతను గీతల మీదుగా, ఆకుల మధ్యగా పరిగెడతాడు. అవతలి జట్టువాళ్లు పదకొండుమంది ఎదురుగా వస్తారు. ఒక్కొక్కడూ గుమ్మంలా ఉన్నాడు. వీళ్లలో ఒక్కడైనా రూలు మర్చిపోకపోతాడా అని తాతారావుకి ఆశ.

కానీ నోరు ఊరుకోదు కదా. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు.

"జరగండి జరగండి! వేడి, వేడి!"

అంతే. పదకొండుమందీ కాళ్లు ముడుచుకుని, మోచేతులు దగ్గరకి లాక్కుని అటూ ఇటూ జరిగిపోతారు. గుడ్డ లాగడానికి కూడా ఎవరూ చెయ్యి చాపరు. తాతారావు ఆ చివరి గీత దాటి ఒంటరిగా నిలబడతాడు. డెబ్బై వేల మోకాళ్లు మోగుతాయి. గీత దాటినందుకు బోర్డు మీద ఆరు పాయింట్లు పడతాయి.

అక్కడ, గీత అవతల, రెండు ఆకులు పక్కపక్కన వేసి ఉంటాయి. తాతారావు గుర్తుపడతాడు. అవి తను వేసినవే. వడ్డనవాళ్లు ఆఖరి బంతిలో తింటారు. కానీ తోటివాళ్లంతా అన్నం క్యారేజీల్లో కట్టుకుని ఇళ్లకి పోతారు, ఇంటి దగ్గర మనుషులున్నారు వాళ్లకి. తాతారావు ఒక్కడే కూర్చుంటాడు. తనకొక ఆకు వేసుకుని, పక్కన ఇంకోటి వేస్తాడు. "ఎవరికి మావా?" అని అడిగితే, "ఎవరైనా వస్తారేమోనని," అంటాడు. ఎవరూ రారు.

ఇలా ఆరుసార్లు పరిగెడతాడు. ప్రతిసారీ నోరు మూసుకుందామనే అనుకుంటాడు. ప్రతిసారీ అరుస్తాడు, ప్రతిసారీ జనం జరుగుతారు. ఆరోసారికి ఏడుపొస్తుంది. చువ్వల మధ్యనుంచి కన్నీళ్లు తుడుచుకోవడం కుదరదు. అవి గడ్డం పట్టీ దాకా వచ్చి ఆగుతాయి.

"అయ్యా," అంటాడు చారల చొక్కా ఆయనతో, "ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్ను పడెయ్యమనండి. దెబ్బ తగిలితే తగలనీండి. మా జట్టుకి మీరు జవాబు చెప్పక్కర్లేదు, నాకు జట్టు లేదు."

"రూలు ఒప్పుకోదు."

"ఆఖరి బంతికైనా?"

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని తిరగేస్తాడు. చాలాసేపు చదువుతాడు. "ఆఖరి బంతికి రూలు వేరే ఉంది," అంటాడు ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. "ఆఖరి బంతికి ముట్టుకోవచ్చు. వడ్డించినవాడు కూడా కూర్చోవచ్చు. కానీ బంతి లేచాక ఇక్కడ ఒక్కరు కూడా ఉండకూడదు. గడ్డి చాపలా చుట్టేస్తాం."

ఆఖరిసారి గుండ్రంగా నిలబడతారు. డెల్రాయ్ తల వంచి మెల్లగా అడుగుతాడు. "ఇంటికాడ పిన్నిగారున్నారాండి?"

"లేదు బాబూ, పోయింది. గారెలు వండేది. బొటనవేలి పక్కన నూనె చిట్లిన మచ్చ ఉండేది, అర్ధరూపాయంత. ఆఖరి బంతిలో నా పక్కనే కూర్చునేది." తాతారావు ఇంతవరకూ ఇది ఎవరికీ చెప్పలేదు. "మెల్లగా తినేది. మెతుకు మెతుకూ కలిపి కలిపి. నాకేమో కాలు నిలవదు. 'చెయ్యెండిపోతోందే, త్వరగా కానీ' అనేసి లేచిపోయేవాణ్ణి. బంతిలో పక్కవాళ్లు తింటుంటే లేవకూడదని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే. దానొక్కదాని పక్కన్నుంచి ఏనాడూ లేవకుండా కూర్చోలేదు."

"ఏమనేవారండి పిన్నిగారు?"

"ఏమీ అనేది కాదు. నా ఆకు కూడా తనే తీసేది."

ఈల మోగుతుంది.

బంతి వస్తుంది. తాతారావు పరిగెడతాడు. మొదటి ఆకు దాటాడు, రెండో ఆకు దాటాడు. అలవాటు గొంతుదాకా వస్తుంది. "జర..." అంటాడు. అని, పళ్లు బిగించి ఆ మాటని కొరికేస్తాడు. నోట్లో నెత్తురు రుచి తగులుతుంది. అవతలివాళ్లు పదకొండుమందీ ఇంకా జరగమంటాడేమోనని చూస్తూ ఉంటారు. అతను అనడు. సరిగ్గా యాభై గజాల గీత మీద, ఈసారి అక్కడికి జరిగి వచ్చిన తన రెండాకుల దగ్గర, బంతిని పొట్టకి హత్తుకుని ఆగిపోతాడు.

ముందు ఒకడు పడతాడు. తర్వాత ముగ్గురు. తర్వాత లెక్కలేదు. చివరికి తన జట్టువాళ్లు కూడా అడ్డం నిలబడటం మానేసి వచ్చి పడతారు, అందరి మీదా డెల్రాయ్ పడతాడు. పదకొండేళ్లలో మొదటిసారి అతనూ కుప్పలో ఉన్నాడు. తాతారావు చెంప గడ్డికి ఆనుతుంది, కుడిచెయ్యి తన ఆకులోని అన్నంలో కూరుకుపోతుంది. అబ్బ, ఎంత బరువు! ఎంత వెచ్చన! ఎవరి గుండె ఎవరిదో తెలియకుండా కొట్టుకుంటున్నాయి. ఎవడో వాళ్ల ఊరిపేరు చెవిలో చెబుతాడు. ఇంకెవడో ఏడుస్తాడు. ఈ సుఖం పేరేమిటో తాతారావుకి తెలియదు, హాయిగా మూలుగుతాడు.

ఈల మోగుతుంది. మర్యాదస్తులు, ఒక్కొక్కరే లేస్తారు. తాతారావు లెక్కపెడతాడు. పది, పదిహేను, ఇరవై. ఆఖర్న, అందర్నీ ముందు లేవనిచ్చిన డెల్రాయ్ తను లేవబోతూ అతని భుజం మీద నిజంగానే చెయ్యి వేసి, "ఉంటానండి బాబాయ్," అంటాడు. ఇరవై ఒకటి. వీపు చల్లబడుతుంది.

ఎడమపక్క మాత్రం చల్లబడదు.

చువ్వల సందులోంచి చూస్తాడు. పక్క ఆకు కనబడుతుంది. దానిలో పెరుగన్నం. ఆకు పక్కన గడ్డిలోంచి మణికట్టు దాకా ఒక చెయ్యి మొలిచి ఉంది. మట్టిగాజులు రెండు. బొటనవేలి పక్కన మచ్చ, అర్ధరూపాయంత. ఆ చెయ్యి అన్నం కలుపుతోంది, మెతుకు మెతుకూ, ఏ తొందరా లేకుండా.

అటు చివర్నుంచీ ఇటు చివర్నుంచీ గడ్డి చాపలా చుట్టుకుంటూ వస్తోంది. డెబ్బై వేలమందీ లేచి మెట్ల మీద దిగుతున్నారు. ఆటగాళ్లు ఎవరి బస్సు దగ్గరికి వాళ్లు, ఒక్కొక్కరే నడుస్తున్నారు.

"లేవండి," అంటాడు చారల చొక్కా ఆయన. "బంతి లేచింది."

"లేవలేదండి."

"ఇరవై ఒక్కమందీ లేచారు. నేనూ లెక్కపెట్టాను."

"పక్కన ఇంకా తింటున్నారండి," అంటాడు తాతారావు.

ఆయన వంగి చూస్తాడు. పుస్తకం తీస్తాడు, తెరవకుండానే మళ్లీ జేబులో పెట్టేస్తాడు. తన నెత్తిమీది టోపీ తీసి గడ్డి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. చుట్టుకొస్తున్న గడ్డి రెండువైపులా జానెడు దూరంలో ఆగిపోతుంది. మాట నోటినోటా మెట్ల మీదికి పాకుతుంది. బంతి ఇంకా లేవలేదంట. మెట్ల మీదున్న డెబ్బై వేలమందీ ఎక్కడివాళ్లక్కడ కూర్చుండిపోతారు. ఈసారి మధ్యలో ఖాళీ వదలరు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టిన డెల్రాయ్ కాలు దింపి, బస్సు చక్రం పక్కనే చతికిలబడతాడు.

చెయ్యి ముద్ద చేస్తుంది. పెట్టుకోవడానికి నోరు లేదు గనక ఆ ముద్దని ఆకు కొసన పెట్టి, మళ్లీ మొదట్నుంచి కలపడం మొదలుపెడుతుంది. తాతారావు వేళ్ల మీద మెతుకులు ఎండి బిగుసుకుంటున్నాయి. అతను కదలడు.

"మెల్లగా తినవే," అంటాడు. "నాకేం తొందర లేదు."