బాల్కనీలో రాళ్ళు

పొద్దున్నే బాల్కనీ ఊడవడంతో అక్కకి రోజు మొదలవుతుంది. ముందు రాళ్ళని గోడవారకి నెడుతుంది, దుమ్మెత్తుతుంది, ఆ తర్వాత ఏ రాయి ఎవరు పంపారో ఫోనులో చూసుకుంటుంది. మర్యాదగా రాసినవాళ్ళ రాళ్ళు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. "ఇంత చెత్త ఎవరు చేశారసలు, సాయంత్రానికల్లా బాగుచెయ్యకపోతే ఊరుకోను" అని రాసినవాళ్ళవి అంచులు తేలి కోసుకుపోయేలా ఉంటాయి. అందుకే ఆమె చెప్పుల్లేకుండా బాల్కనీలో కాలు పెట్టదు.

ఆమె పని కట్టుడు పళ్ళు చెయ్యడం. పగలంతా మైనం కరిగించి ఎవరెవరి దవడలకో పళ్ళు అమరుస్తుంది. మిగిలిన పొద్దంతా మాటపెట్టెకి పోతుంది.

మాటపెట్టె అంటే నోట మాట రానివాళ్ళ కోసం ఒక కంపెనీ చేసిన ప్రోగ్రాం. చేతిలో ఇమిడే చిన్న పెట్టెమీద టైపు చేస్తే పైకి చదివి వినిపిస్తుంది. దాని లోపలి రాతనంతా ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని కంపెనీ అందరి ముందూ పెట్టింది. తర్వాత ఒకరోజు "మా దృష్టి వేరే పనులమీదికి మళ్ళింది, ఇన్నాళ్ళు మాతో ఉన్నందుకు ధన్యవాదాలు" అని రెండు ముక్కలు రాసి తలుపులేసుకుని పోయింది. ధన్యవాదాలట. మనుషులకి గొంతులిచ్చి, మధ్యలో వాటిని నడిరోడ్డున దించేసి, ధన్యవాదాలు. ఆ మాట గుర్తొస్తే అక్కకి ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అప్పుడు, ఆ పెట్టె లేకపోతే గడవని ఇళ్ళవాళ్ళు కొందరు దాని నకలు తీసుకుని తామే నడపడం మొదలుపెట్టారు. జీతం లేదు, భత్యం లేదు. వాళ్ళలో ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన భార్యకి పక్షవాతం వచ్చి మాట పోయింది. ఇంకొకాయన ఆఫీసుకి పోతూ వస్తూ బస్సులోనే ప్రోగ్రాం రాస్తాడు. ఆయన్ని అందరూ బస్సు అనే అంటారు, అసలు పేరు అడిగినవాళ్ళు లేరు. మూడో మనిషి అక్క. ముందుండి జవాబు చెప్పేవాళ్ళు ఒకరుండాలి కాబట్టి ప్రోగ్రాం పైన ఆమె పేరు పెట్టారు. పైన పేరున్నవాళ్ళ ఇంట్లో ఫిర్యాదులు రాళ్ళై పడతాయి. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. తప్పు బాగుచేస్తే ఆ రాయి మాయమవుతుంది. ఈలోపు పనికొస్తాయని ఇరుగుపొరుగు తలా ఒకటి పట్టుకుపోయి తలుపులకి అడ్డం పెట్టుకున్నారు.

"ఏదో బాగుచేసినట్టున్నావు అక్కా," అని కింది వాటా పిన్ని మెట్లమీంచే కేకేస్తుంది. "మా తలుపు ధనేల్‌మని పడింది. ఇంకో రాయియ్యి. ఈసారి త్వరగా బాగవ్వనిది చూసియ్యి."

ఆ పిన్ని కూడా ఆమెని అక్కా అనే అంటుంది. తండ్రి వయసున్న మాస్టారూ అంతే. అననివాడు ఒక్కడే, సొంత తమ్ముడు.

చిన్నప్పుడు వీధి చివర్నుంచి వినబడేలా అక్కా అని అరిచేవాడు. గొంతు ఆపరేషనయ్యాక మాట పోయింది. మాటపెట్టె వచ్చాక మాటైతే వచ్చింది గానీ ఆ పిలుపు రాలేదు. "టీ పెట్టు." "తాళం ఎక్కడ." "నేను వెళ్తున్నా." యజమాని పనిమనిషితో మాట్లాడినట్టు. ఎవడి కోసమైతే ఇన్ని రాళ్ళు భరిస్తోందో వాడికే తను లెక్కలేదని ఆమె కడుపు మండేది. అడగడానికి అభిమానం అడ్డొచ్చేది. గిన్నెలు కాస్త గట్టిగా పెట్టి ఊరుకునేది.

ఆమెకే కాదు, ఊళ్ళో అందరికీ వాడు పొగరుబోతే. మోటార్లకి రాగితీగ చుట్టే పనిలో వాడికి వాడే సాటి. అయినా రెండు షాపులవాళ్ళు పంపించేశారు. ఆ శనివారం మూడో షాపు ఓనరు ఆమె పనిచేసేచోటికే వచ్చాడు.

"మీ తమ్ముడికి పెద్దా చిన్నా లేదమ్మా. ఇన్నాళ్ళలో ఒక్కసారి నోటినిండా సార్ అన్న పాపాన పోలేదు. నిన్న కస్టమర్ల ముందు 'ఆ మోటారు కాలిపోయింది, మీరు పక్కకి జరగండి' అన్నాడు, నేనేదో వాడి కింద పనిచేస్తున్నట్టు. సోమవారం వచ్చి అందరి ముందూ సార్ అని క్షమాపణ చెప్పమను. లేదా రానక్కర్లేదని చెప్పు."

ఆ మంటతో ఇంటికొస్తే గుమ్మంలో ఇల్లు అద్దెకిచ్చినాయన నిలబడి ఉన్నాడు. బాల్కనీ కింద పగులు చూపించాడు. రాళ్ళు తీయించకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.

"తీయిస్తే మళ్ళీ పడతాయండీ."

"పడేవి ఇంకోచోట పడమను. ఎక్కువ బరువు ఆ నల్లదే. ముందు దాన్ని వదిలించు."

ఆ నల్ల రాయి అన్నిటికంటే పాతది. ముగ్గురు పట్టినా కదలదు. పాతపెట్టె అన్న పేరుతో ఎవరో పంపిన ఫిర్యాదు అది. అక్క, మాస్టారు, బస్సు ముగ్గురూ తమ తమ కంప్యూటర్లలో చూసుకున్నారు, ఏ తప్పూ కనబడలేదు. అలా ఉండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ ఫోనులో కలిశారు.

"అందరూ చేసేదే మనమూ చేద్దాం అక్కా," అన్నాడు బస్సు. "చాన్నాళ్ళుగా ఎవరూ పలకని ఫిర్యాదుల్ని దానంతటదే మూసేసేలా ఒక చిన్న ప్రోగ్రాం పెడదాం. నేను రాసి ఉంచా."

"బాగుచెయ్యకుండా మూసెయ్యడమేమిటయ్యా?" అన్నాడు మాస్టారు. "లెక్క రాకపోతే పలక కడిగేసినట్టుంటుంది."

"మీ ఇంటిమీద పడితే తెలిసేది మాస్టారూ."

వాళ్ళిద్దరూ వాదులాడుకుంటుంటే అక్క కోసుకున్న వేలికి కట్టు కట్టుకుంటోంది. కంపెనీ ఏమో హాయిగా పోయింది. తిట్లు తనకి, రాళ్ళు తనకి, ఖాళీ చెయ్యాల్సింది తను. "మూసెయ్యి," అంది. "అన్నీ మూసెయ్యి. నాకిక ఓపిక లేదు."

బస్సు నొక్కాడు. బాల్కనీ ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. బిల్డింగు అంతటా తలుపులు టపటపా పడ్డాయి. కింద పిన్ని ఎవరినో తిట్టడం వినిపించింది. అక్క చెప్పులు విడిచి, చాలాకాలానికి ఆ నేలమీద ఒట్టికాళ్ళతో నిలబడింది. చల్లగా ఉంది. తమ్ముడికి చూపిద్దామని పక్కగదిలోకి వెళ్ళింది.

వాడు కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో నల్ల రాయి.

ఆమె పరుగున వెళ్ళి రాయి కింద చేతులు పెట్టి లాగింది. అలా వంగడంతో తల వాడి పెట్టె పక్కకి వచ్చింది. ఆ తెర ఎప్పుడూ వాడివైపే ఉంటుంది, పలకగానే అక్షరాలు చెరిగిపోతాయి. ఇంతకాలం ఆమె విన్నదే గానీ చదివింది లేదు. వాడి వేళ్ళు కదిలాయి. తెరమీద 'లాగకు అక్కా' అని పడింది.

"లాగకు," అంది పెట్టె.

అక్క చేతులు ఆగిపోయాయి. "మళ్ళీ కొట్టు."

'ఏం కొట్టను అక్కా.'

"ఏం కొట్టను," అంది పెట్టె.

ఎంత పొడుగు రాసినా చివరి మాట మింగేస్తోంది. వాడు దానికి అలవాటుపడి, మింగడానికి ఒక మాట అదనంగా వేస్తూ వచ్చాడు. ఇంట్లో అక్కా అని, షాపులో సార్ అని.

"ఎప్పట్నుంచిరా?"

"మొదట్నుంచీ." తెరమీద ఆ పక్కనే అక్కా అని ఉంది.

"నాకు చెప్పడానికేం రోగం?"

వాడు గబగబా కొట్టాడు. ఆమె చెవులతో వినలేదు, కళ్ళతో చదివింది. 'చెప్పాను. ఫిర్యాదు పెట్టాను. నువ్వే జవాబిచ్చావు చూసుకో అక్కా.'

ఆమె ఫోను తీసి చూసింది. పాతపెట్టె రాసింది ఒక్క ముక్క: చివరి మాట పలకడం లేదు. దాని కింద ఆమె పేరుతో జవాబు: మా దగ్గర బాగానే పనిచేస్తోంది, మరిన్ని వివరాలు పంపండి.

మా దగ్గర అంటే వాడి పక్క గదిలోనే.

"అది నువ్వని నాకెలా తెలుస్తుందిరా, దొంగపేరు పెట్టుకుంటే?"

'ఇంట్లో చెబితే తమ్ముణ్ణని చేస్తావు. అందరిలా లైన్లో నిలబడితే ఏం చేస్తావో చూద్దామనుకున్నాను. ఏమీ చెయ్యలేదు అక్కా.'

ఆమెకి వాణ్ణి కొట్టాలనిపించింది. తనని తాను కొట్టుకోవాలనిపించింది. ఏదీ చెయ్యలేక కుర్చీ కోడుని ఒక్క తన్ను తన్నింది. బొటనవేలు వాచింది.

ఫోనులో మాస్టారు ఇంకా ఉన్నాడు. "అక్కా, మూసిన రాళ్ళు పంపినవాళ్ళ ఒళ్ళోకే పోయినట్టున్నాయి, మా ఆవిడ ఒళ్ళోనూ ఒకటుంది. మామీద ఫిర్యాదు పెట్టిందని నాకిప్పుడే తెలిసింది. నావంక చూస్తోంది. ఆ చూపు బాలేదు."

"అన్నీ తెరువు బస్సూ," అంది అక్క. "మూసినవన్నీ తెరువు. ఆ కంపెనీ చేసిందీ ఇదే కదా. మళ్ళీ మనమూనా?"

"తెరిస్తే నీ బాల్కనీలోనే పడతాయక్కా. బాల్కనీ ఉంటుందా మరి?"

"పైన నా ఒక్కదాని పేరే ఎందుకుండాలి? నీదీ పెట్టు. మాస్టారిదీ పెట్టు. వాడుకుంటూ తిట్టే ప్రతివాణ్ణీ అడుగు, పేరిస్తావా అని."

బస్సు కాసేపు నసిగాడు. తర్వాత పెట్టాడు. అడగ్గా అడగ్గా ఇంకొందరూ ఇచ్చారు. మూసినవన్నీ తెరవగానే రాళ్ళు తలా కాసిని చొప్పున పడ్డాయి. మాస్టారివి పెరట్లో పడ్డాయి. బస్సువి మర్నాటి నుంచీ బస్సులోనే, ఆయన సీటు కింద పడుతున్నాయి. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు.

నల్ల రాయి మాత్రం తమ్ముడి ఒళ్ళోంచి కదల్లేదు. అక్క వాడి పక్కనే స్టూలు వేసుకుని, ఆ పెట్టెని మొదటిసారి తన చేతుల్లోకి తీసుకుని, లోపలి రాత అంతా తెరిచింది. పొద్దు వాలేలోపు ఫోనులోంచి మాస్టారే తప్పు పట్టుకున్నాడు. ఈ పాతరకం పెట్టెల్లో మాట పూర్తికాకుండానే స్పీకరు ఆపేసే వరుస ఒకటుంది. ఎందుకో పక్కనే కంపెనీవాళ్ళు రాసుకున్నారు: బ్యాటరీ ఆదా.

"బ్యాటరీ," అంది అక్క పళ్ళు కొరుకుతూ. ఆ వరుస కొట్టేసింది.

రాయి మాయమైంది. తమ్ముడు తొడలు రుద్దుకుంటూ లేచి పెట్టె అందుకున్నాడు.

"ఇంత చిన్నదానికి ఇన్నేళ్ళా అక్కా," అంది పెట్టె.

ఆమె మొహం కిటికీవైపు తిప్పుకుంది. "మళ్ళీ అను."

"అనను అక్కా."

సోమవారం ఆమె కూడా షాపుకి వెళ్ళింది. లోపలికి పోకుండా మెట్టుమీదే నిలబడింది. పనివాళ్ళంతా తీగలు వదిలి చూస్తున్నారు. తమ్ముడు ఓనరు ముందు నిలబడి నిదానంగా టైపు చేశాడు.

"నమస్కారం సార్. క్షమాపణ చెప్పను సార్."

ఓనరు మొహంలో రంగులు మారాయి. "ఇప్పుడొచ్చిందా మర్యాద?"

"రోజూ వచ్చింది సార్. ఈ పెట్టె మింగేసింది సార్. రెండు షాపుల్లో ఉద్యోగం కూడా మింగింది సార్."

ఓనరు ఆ పెట్టెవంక, వాడి వేళ్ళవంక చాలాసేపు చూశాడు. బల్లమీద విప్పి పడేసిన మోటారుని వాడివైపు జరిపాడు. "ఇది ఎవడూ చుట్టలేకపోయాడు, చూడు," అన్నాడు. ఆయనే పక్కకి జరిగాడు.

మర్నాడు పొద్దున్న అక్క బాల్కనీ ఊడుస్తుంటే ఒక చిన్న రాయి కాలిదగ్గర పడింది. గోళీకాయంత, నున్నగా ఉంది. పంపింది పాతపెట్టె: చివరి మాట ఇప్పుడు మరీ గట్టిగా వస్తోంది, షాపంతా ఉలిక్కిపడుతున్నారు.

అలవాటు చొప్పున ఆమె వేళ్ళు 'మా దగ్గర బాగానే' అని కొట్టేశాయి. చూసుకుని, అంతా చెరిపేసింది. రాయిని గుప్పిట్లో పట్టుకుని పక్కగదివైపు కేకేసింది.

"ఏరా, ఆ పెట్టె ఇటు తీసుకురా."