తలుపు చాటు మర్యాద

వచ్చిన కొత్తలో టైలరమ్మకూ కింది వాటా పిన్నిగారికీ క్షణం పడేది కాదు. పైన ఆరేసిన బట్టల నీళ్లు కింద పిన్నిగారి దుప్పట్ల మీద కారేవి. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని మెట్లెక్కి వచ్చేది. టైలరమ్మ తక్కువ తిన్నదా? కుట్టుమిషను ఆపి మరీ మాటకు మాట అప్పజెప్పేది. మధ్యాహ్నానికి అదే పిన్నిగారు చిరిగిన దిండు గలీబు పట్టుకొచ్చి, "నోటి సంగతి తర్వాత, ముందిది కుట్టు" అనేది. పరాయి దేశంలో తనని అంత చనువుగా తిట్టే ఆ దేశపు మనిషి ఉందని టైలరమ్మకు లోలోపల గర్వం.

అంతలో కొత్త నిబంధన వచ్చిపడింది. బయటినుంచి వచ్చినవాళ్లు ఇక్కడివాళ్లతో కలిసిపోయారో లేదో ఇరుగుపొరుగును అడిగి తేలుస్తారట. లేదని తేలితే ఉండనివ్వరు.

లేతు మిషను మీద పని చేసే మొగుడు అన్నం తింటున్నవాడల్లా గొంతు తగ్గించాడు.

"ఇకనుంచి నోరు కట్టేసుకో. ఆవిడ ఎన్నంటే అన్నీ పడు. మన బతుకు ఆవిడ చేతిలో ఉంది."

ఆ రోజునుంచి టైలరమ్మ బట్టలు గదిలోనే తాడు కట్టి ఆరేసేది. ఇల్లంతా తడిబట్టల ముక్కవాసన. పిన్నిగారు ఏమన్నా, "మీరెలా చెబితే అలాగేనండీ" అనేది. ఎదురుపడితే ఏ మాట జారుతుందోనని, ఆవిడ అలికిడి వింటేనే తలుపేసుకునేది.

"ఏమ్మాయ్, నోరు పడిపోయిందా? నేనేం చేశానే?" తలుపవతల పిన్నిగారు ఓరోజు అడిగింది. టైలరమ్మ గడియ తీయలేదు. కాసేపటికి మెట్లు దిగిన చప్పుడు. తర్వాత ఆవిడ రావడమే మానేసింది. గొడవ తప్పిందని మొగుడు సంబరపడ్డాడు, తెలివితక్కువవాడు.

విచారణకు వచ్చిన అధికారి చాలా మర్యాదస్తుడు. కింది గుమ్మంలో నిలబడి అడుగుతుంటే, పైన తలుపు తీసుకుని నిలబడ్డ టైలరమ్మకు ప్రతి మాటా వినబడుతోంది.

"వాళ్లవల్ల ఇబ్బందేమైనా ఉందాండీ?"

"అబ్బే, చీమంత చప్పుడు కూడా ఉండదు."

"మరి మీతో కలుపుగోలుగా ఉంటారా?"

పిన్నిగారికి అబద్ధమాడే అలవాటు లేదని టైలరమ్మకు బాగా తెలుసు.

"ఒకప్పుడు ఉండేది బాబూ. కడుపునిండా పోట్లాడేది. ఇప్పుడు నన్ను చూస్తే తలుపేసుకుంటోంది. నావల్ల తప్పేం జరిగిందో మీరైనా కనుక్కుని చెప్పండి."

అధికారి కలం ఆగకుండా రాసుకుంటూ పోయింది.

'పిన్నిగారూ, అది కాదండీ!' అని అరవాలనుకుంది టైలరమ్మ. అప్పటికే మెట్ల మీద బూట్ల చప్పుడు పైకి వస్తోంది. ఇన్నాళ్ల భయానికి అలవాటుపడ్డ చెయ్యి, తన ప్రమేయం లేకుండానే, తలుపేసి గడియ పెట్టేసింది.