వదిలేసిన వరుస

“ఫోను జర పక్కకు తిప్పు. ఆ తలుపెనక చూపెట్టు,” అన్నాడు ఖలీల్ వీడియో కాల్‌లో.

నస్రీన్ చేతులకు రొట్టెల పిండి అంటుకుని ఉంది. రెండు వేళ్లతో ఫోను పట్టుకుని తలుపు వెనక చూపించింది. అక్కడ ఆమె నర్సు యూనిఫాం వేలాడుతోంది, అంతే. రియాద్‌లో ఉన్న భర్త తృప్తి పడ్డాడు. రోజూ ఇంతే. ఆమె వంట చేయడం, నీళ్లు పట్టడం, అత్త గౌసియాబీకి షుగరు సూది వేయడం ఏనాడూ చూపించమనలేదు. “నాకు నీ మీద అనుమానం లేదు, లోకమే మంచిది కాదు,” అంటాడు. ఆ లోకం తరఫున ఇంట్లో కాపలా అత్తది. డ్యూటీకి బయల్దేరుతుంటే, “దవాఖానకు సుర్మా ఎందుకు? రోగులు నీ కండ్లు చూస్తరా?” అంటుంది. పైన అల్లా అందరినీ చూస్తూనే ఉన్నాడు కదా, ఆయన చూపు వీళ్లకెందుకు చాలదు అని నమాజు తర్వాత అప్పుడప్పుడు నస్రీన్‌కు అనిపించేది. అలా అనుకోవడం తప్పేమోనని వెంటనే తౌబా చెప్పుకునేది.

కోరుట్లలో ఆమె పనిచేసే ప్రైవేటు దవాఖానలో, ఎమర్జెన్సీ గది గోడకు ఒక చెక్‌లిస్టు ఉంది. డాక్టర్ మహేందర్ హైదరాబాద్‌లో శిక్షణకు వెళ్లొచ్చి అంటించాడు. ప్రాణం మీదికొచ్చిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఎంత చదివిన డాక్టరైనా తొందరలో ఏదో ఒకటి మరిచిపోతాడు. అందుకని ఒకరు గట్టిగా చదవాలి. శ్వాస ఆడుతోందా, బీపీ ఎంత, సెలైన్ పెట్టారా. డాక్టరు ఆ పని చేసి “అయ్యింది” అనాలి. అప్పుడే తర్వాతి వరుస. చదివే పని నస్రీన్‌ది. తను మాట్లాడితే అందరూ ఆగి వినే చోటు ఆమెకు ఈ లోకంలో అదొక్కటే.

ఆ మధ్యాహ్నం రాయికల్ దగ్గరి పల్లె నుంచి స్రవంతి అనే అమ్మాయిని ఆటోలో తెచ్చారు. పాతికేళ్లుంటాయేమో. కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. వెంట ఆమె అత్త ముత్తవ్వ.

“బీడీలు సుట్టుకుంట మంచిగనే కూసున్నది సారూ. గట్లనే పక్కకు ఒరిగింది.”

నస్రీన్ మనసులో బిస్మిల్లా అనుకుని చదవడం మొదలుపెట్టింది. ఆక్సిజన్. అయ్యింది. సెలైన్. అయ్యింది. ఆ తర్వాతి వరుస, “ఆడమనిషైతే, గర్భం ఉందా?”

ముత్తవ్వ గయ్యిమంది. “ఏం మాటనే గది? నా కొడుకు మస్కట్ వొయ్యి ఏడాదిన్నరాయె! కడుపెట్లుంటది? నీ పెనిమిటి ఊళ్లె లేకుంటే నిన్ను గిట్లనే అడుగుతరా?”

నస్రీన్ ముఖం మీద ఎవరో వేడినీళ్లు చల్లినట్టయింది. గుమ్మంలో నిలబడ్డ ఆటోవాడు ఆమె వైపే చూస్తున్నాడు. డాక్టర్ మహేందర్ తల ఎత్తలేదు. ఇలాంటి మాటల మీదే పోయిన నెల ఒక రోగి తాలూకు వాళ్లు గది అద్దాలు పగలగొట్టారు.

“గదొక్కటి వదిలెయ్ సిస్టర్. తర్వాతిది చదువు,” అన్నాడు మెల్లగా.

చదివింది. గొంతు తనది కానట్టు సన్నగా వచ్చింది.

కడుపులో పుండు పగిలిందేమోనని దానికి మందులిచ్చారు. సెలైన్ ధారగా ఎక్కుతున్నా బీపీ పడిపోతూనే ఉంది. స్రవంతి కళ్లు మాత్రం నస్రీన్ వెంటే తిరుగుతున్నాయి. ఆ చూపు నస్రీన్‌కు కొత్త కాదు. రోజూ అన్నిటికీ జవాబు చెప్పుకుని బతికే మనిషి చూపు అది. తనను ఇంట్లో అడిగేవన్నీ తప్పు పట్టడానికి అడిగేవే. కానీ గోడ మీద ఉన్నది తప్పు పట్టడానికి కాదు, బతికించడానికి. ఆ తేడా ముత్తవ్వకు తెలియకపోతే పోనీ, తనకు తెలుసు కదా. తెలిసి కూడా తను సిగ్గుతో ఎందుకు వెనక్కి తగ్గింది?

“గీ మందు తీసుకరా పో అవ్వా,” అని ముత్తవ్వను బయటికి పంపి, స్రవంతి చెవి దగ్గర వంగింది. “నెల తప్పిందా చెల్లె?”

స్రవంతి ఆమె మణికట్టు పట్టుకుంది. “మా అత్తకు చెప్పకక్కా.”

నస్రీన్ చెప్పగానే డాక్టరు స్కాన్ మిషన్ పెట్టి చూశాడు. పిండం గర్భసంచిలో కాదు, పక్కన ట్యూబులో పెరిగింది. ట్యూబు పగిలి కడుపు నిండా రక్తం. ఆపరేషన్‌కు జగిత్యాల పంపాలి. అంబులెన్సులో నస్రీన్ కూడా ఎక్కింది. స్రవంతి ఆమె చేయి వదల్లేదు. జగిత్యాల ఇళ్లు కనబడేసరికి ఆ చేతిలో పట్టు లేదు.

అక్కడి డాక్టర్లు ముత్తవ్వకు చావుకు కారణం చెప్పారు.

దినాలయ్యాక ముత్తవ్వ మళ్లీ కోరుట్ల వచ్చింది. గొడవకు రాలేదు. బయట బెంచీ మీద నస్రీన్ పక్కన కూర్చుంది.

“ఎవనిదో నీకేమన్న చెప్పిందా?”

“నేనడగలే అవ్వా. మా చెక్‌లిస్టుల గది లేదు.”

ముత్తవ్వ తన మోకాళ్లు నిమురుకుంది. “దాని తీర్గ బీడీలు సుట్టేటోళ్లు మా వాడల లేరు,” అంది. “కాళ్లు గుంజుతే అడగకముందే పిసికేది. గంత మంచిగుండి, నాకొక్క మాట ఎందుకు చెప్పలే?” మళ్లీ తనే అంది. “చెప్తే ఇంట్లకెల్లి ఎల్లగొడ్తుంటి. గందుకే చెప్పలే.”

కొంగుతో ముఖం తుడుచుకుని నస్రీన్ వైపు తిరిగింది. “దేవుడు దానికి గంతే రాసిండు. గంతే కదా బిడ్డా?”

అవునంటే సరిపోయేది. చావుపుట్టుకలు ఆయన చేతిలో ఉన్నాయని నస్రీన్‌కూ నమ్మకమే. ఎదుటివాళ్ల మనసు కుదుటపడాలని తను ఇన్నేళ్లుగా ఎన్ని అబద్ధాలకు తల ఊపలేదు? కానీ తాము చేసినదాన్ని తీసుకుపోయి ఆయన మీద పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

ముత్తవ్వ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

“దేవుడు కాదవ్వా. నువ్వు వద్దన్నవ్. సార్ వదిలెయ్యమన్నడు. నేను వదిలేసిన,” అంది. “అప్పుడే అడిగితే బతుకుతుండె.”