నూకాలమ్మ ఓటు

బోర్డు మీద ‘సార్వత్రిక వయోజన ఓటు హక్కు’ అని హిందీలో రాసి, సోమేశ్వరరావు వేళ్లకంటిన సుద్దపొడి దులుపుకుంటున్నాడు. హిందీ మాట్లాడే ఆ కార్ఖానా ఊళ్లో, బారిడీహ్ సర్కారు బడిలో ముప్పై ఏళ్లుగా ఇదే పాఠం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో అలవాటైపోయింది.

గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడింది. కార్ఖానాలో కాంట్రాక్టు మీద ఊడ్చి ఊడ్చి వంగిపోయిన నడుం. ముందు బెంచీలోంచి అనిత లేచి, “మా నాయనమ్మ సార్,” అంది.

“జాబితాలో నా పేరు లేదంట బాబూ,” అంది నూకాలమ్మ. “సచ్చిపోనానని రాసీసినారు. ఏటి సెయ్యాల?”

సోమేశ్వరరావు చూపు బోర్డు వైపు తిప్పుకున్నాడు. రాసింది అతనే. ఓటర్ల జాబితా సవరణకి ఆవిడ ఉండే తెలుగువాళ్ల బస్తీ అతనికే అప్పగించారు. మండుటెండలో సందు మొదట్లోనే ఆగి, తాళం వేసిన తలుపు దూరాన్నుంచే చూసి, పాన్ దుకాణంవాడు “ఆ ముసలమ్మ పోయినట్టుంది” అంటే, ‘మృతి’ అని రాసి సంతకం పెట్టేశాడు. అది అనిత ఇల్లని కూడా అతనికి తెలియదు.

“గల్తీ కిస్కీ హై, సర్?” అనిత హిందీలో అడిగింది, తప్పెవరిదని.

“ఆఫీసులో పొరపాటు,” అన్నాడు.

అనిత ఇంకేదో అనబోయింది. నూకాలమ్మ మనవరాలి చెయ్యి నొక్కింది. అతను కొత్త దరఖాస్తు నింపాడు. ఆవిడ వేలిముద్ర వేసి, “సల్లగుండు బాబూ,” అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత మూడు వారాలు అతను ముందు బెంచీ వైపు చూడకుండానే పాఠం చెప్పాడు. అనిత ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

పేరు మళ్లీ జాబితాకెక్కింది. ఆదివారం పొద్దున్నే ఆవిడ పేరున్న జాబితా కాగితం పట్టుకుని, ఈసారి సందు చివరిదాకా నడిచాడు. చెప్పవలసిన మాట దారంతా కూడబలుక్కున్నాడు.

నూకాలమ్మ కోడలు దేవి తలుపు తీసింది.

“అత్త మంగళారం పోనాది బాబూ. రెండ్రోజులే జొరం.”

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆ పేరు కొట్టేసింది నేనేనమ్మా.”

“తెలుసు. బడికి రాకముందే, ఆఫీసోలు సూపించిన కాయితం మీద తవరి పేరు అనిత సదివింది. అత్తే ఊరుకోమన్నాది. పిల్లల ముందర మేష్టారికి సిన్నతనం అన్నాది.”

అనిత లోపల్నుంచి స్టూలు తెచ్చి వేసింది. అతను కూర్చోలేకపోయాడు. జాబితాలో ఆవిడ పేరు పక్కన ‘మృతి’ అని మళ్లీ రాయవలసింది కూడా అతనే.

లోపల ట్రంకుపెట్టె మీద ఆకుపచ్చ నేతచీర ఉంది. ఓటు రోజున కట్టుకోవాలని నూకాలమ్మే ఉతికి పెట్టుకుందట. మడత చెదరకుండా దాని మీద బోర్లించిన ఇత్తడి చెంబును ఇంకా ఎవరూ తియ్యలేదు.