పెద్ద ఫ్రిజ్ కింద నీళ్లు

నాచారంలో సూపర్‌మార్కెట్ పెట్టి పదేళ్లయింది. ఇన్నేళ్లలో కస్టమర్ ముందు నా తల కొట్టేసినట్టయింది ఒక్కసారే. అదంతా నర్సమ్మ వల్లే అనుకున్నాను. అనుకోవడమేంటి, నలుగురిలో నిలబెట్టి అనేశాను కూడా.

వెంకటనర్సమ్మ మా షాపులో ఊడ్చి తుడిచే మనిషి. దసరా అయిన వారం నుంచి, పాలూ పెరుగూ పెట్టే పెద్ద ఫ్రిజ్ ముందు నేల తడుస్తోంది. తుడిస్తే ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. ఎన్నిసార్లు కసిరానో నాకే తెలీదు.

"నేను పోస్తలేను సార్. పొద్దుగాల పదకొండింటికోసారి, సాయంత్రం అయిదింటికోసారి దానంతటదే వస్తది. టైం తప్పదు. మెకానిక్‌కు జర సూపియ్యుండ్రి" అంది.

"నీళ్లు కూడా గడియారం చూసుకుని వస్తాయా?" అని పగలబడి నవ్వాను. కౌంటర్లో వాళ్లూ నవ్వారు.

ఆ శనివారం సాయంత్రం అయిదు దాటాక, రిటైర్డ్ టీచర్ రామకృష్ణగారు పెరుగు ప్యాకెట్ తీయబోయి జారి పడ్డారు. మోచేయి చిట్లి రక్తం కారింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"బకెట్ ఇక్కడే ఒలకబోసి నంగనాచి కబుర్లు చెబుతావా? పో బయటికి! రేపట్నించి నీ మొహం చూపించకు!"

"నా బిడ్డ మీద ఒట్టు సార్" అంది. ఒట్లు పెట్టేవాళ్లను అసలు నమ్మనన్నాను. ఆమె చేతిలోని మాప్ లాక్కున్నాను.

మర్నాడు పదకొండింటికి నేల తడిసింది. నర్సమ్మ లేదు, బకెట్టూ లేదు. అయిదింటికి మళ్లీ తడిసింది. మూడు రోజులు ఎవరి కంటా పడకుండా నేనే తుడిచాను. నాలుగో రోజు పొద్దున మెకానిక్ మహిపాల్‌ని పిలిపించాను.

"ఆరు గంటలకోసారి డీఫ్రాస్ట్ అయితది సార్. లోపల పేరుకున్న మంచు కరిగి, నీళ్లు గీ బొక్కలకెళ్లి పైపుల పడాలె. ఏదో అడ్డం పడ్డది" అంటూ అడుగు జాలీ విప్పి, పైపులోకి తీగ దూర్చి లాగాడు. పసుపు రంగులో ఉబ్బిన బియ్యం, కుళ్లిన బంతి రేకులు ముద్దగా వచ్చాయి.

"అక్షింతలు గదా సార్! ఫ్రిజ్జుకు పెండ్లి జేసిన్రా ఏంది?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆయుధపూజ నాడు, కొత్త ఫ్రిజ్ కదా అని రెండు దోసిళ్లు చల్లింది నేనే. "లోపలికి పోతున్నయి సార్" అని నర్సమ్మ అంటే, "శుభమా అని చల్లుతుంటే అడ్డొస్తావేం" అని గదిమిందీ నేనే.

సిగ్గేసింది. కానీ ముందు, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. ఆ ముద్దను పేపర్లో చుట్టి చెత్తబుట్టలో అడుక్కి తోశాను. "ఇది ఎవరితోనూ అనకు" అన్నాను. "నాకెందుకు సార్" అన్నాడు మహిపాల్.

పదకొండింటి డీఫ్రాస్ట్ అయింది. చుక్క బయటికి రాలేదు. మహిపాల్ జాలీ బిగిస్తుండగా నర్సమ్మ వచ్చింది.

"పని కోసం రాలే సార్. ఉప్పల్‌ల హాస్టల్‌ల పని అడిగితే, వాళ్లు నా గురించి మిమ్మల్ని అడిగిన్రంట. నేను నీళ్లు పారబోసి మనుషులను పడేస్తనని మీరు చెప్పిన్రంట. ఇప్పుడెవ్వలూ పనికి పెట్టుకుంటలేరు. ఒక్క ఫోన్ జేసి, గా మాట తప్పని చెప్పుండ్రి. మీ కాల్మొక్త."

నిజమే, చెప్పాను. ఫోన్ జేబులోనే ఉంది. ఒక్క మాట చాలు. కానీ కౌంటర్ దగ్గర రామకృష్ణగారు మోచేతి కట్టుతో నిలబడి ఇటే చూస్తున్నారు.

నర్సమ్మ గోడ గడియారం చూసింది. ఫ్రిజ్ ముందు పొడిగా ఉన్న నేలను చూసింది. కింద పరిచిన పానాలను, మహిపాల్‌ని చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"నీళ్లు ఆగినయా సార్?"

"ఆగాయి" అన్నాను అందరికీ వినపడేలా. "నువ్వు మానేసిన రోజు నుంచే ఆగాయి."

మహిపాల్ తలెత్తకుండా ఆఖరి స్క్రూ బిగించాడు.